నైలు నదిలో నాయన కనబడని ఇరవై నిమిషాలు

మాది పలమనేరు దగ్గర ఒక పల్లె. రెండేళ్ల కిందట, మా నాయనను వెంటబెట్టుకుని తిరుపతి నుంచి ఒక టూరు బృందంతో ఈజిప్టు వెళ్లాను. నైలు నదిలో నాలుగు రోజులు ఓడ ప్రయాణం, దారి పొడవునా వేల ఏళ్లనాటి గుళ్లు.

రెండో రోజు మధ్యాహ్నం ఒక గుడి చూసి రేవుకు తిరిగొచ్చాం. అక్కడ ఓడలను పక్కపక్కనే ఆనించి కట్టేస్తారు. రెండు ఓడల్లోంచి నడిచి వెళ్తేగానీ మాది రాదు. దాని అవతల ఇంకొకటి ఉంది. అన్నీ ఒకేలా ఉంటాయి. చెప్పు తెగితే నేను ఒక నిమిషం ఆగాను. నాయన ముందు నడిచాడు.

గదికి వెళ్తే ఆయన లేడు. కిటికీలోంచి చూస్తే అవతలి ఓడ కదిలిపోతోంది! ఆయన ఫోను నా సంచిలోనే ఉంది. ఆయనకు తెలుగు తప్ప ఇంకో మాట రాదు. ఆ ఓడలో ఉన్నాడో, ఓడల మధ్య సందులో జారి నీళ్లలో పడ్డాడో! ఏడుస్తూనే గైడును పట్టుకున్నాను. అతను ఆ ఓడకు ఫోన్ చేశాడు.

ఇరవై నిమిషాలకు నాయనను మోటారు పడవలో తీసుకొచ్చారు.

"యాడికి పోయినావు నాయనా?" అని అరిచాను.

"తిరిగి సూస్తే నువ్వు లేవు మ్మా. తప్పిపోయి అవతల దాంట్లోకి పోయినావేమోనని ఎతుకుతా ఉన్నా. అంతలో అది కదిలిపాయ."

ఎవరిని ఎవరు చూసుకోవడానికి వెళ్లామో ఇప్పటికీ తేల్చుకోలేను. టూరు ముగిసేదాకా మాత్రం ఆయన చెయ్యి నేను వదల్లేదు.