అమ్మ పెట్టని దీపం

మా చిన్నప్పుడు... పోచంపల్లి పక్క ఊళ్ళో మా ఇల్లంతా నూనె వాసనే. నిజాం సర్కారు రోజులు. మేం నేసే రుమాళ్ళకు ఎర్రరంగు గట్టిగా పట్టాలంటే ముందు నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిద నీళ్ళలో నానబెట్టి పిసకాలి. పిసికాక ఎండలో పరచాలి. రోజూ అదే పని. పిసికేది అమ్మ... ఎంత తోమినా ఆ చేతుల జిడ్డు పోయేది కాదు. ఆ చేత్తో కలిపిన ముద్దే నాకు ఇష్టం.

ఆ ఏడు యుద్ధం కరువు. నువ్వుల నూనె దొరకలేదు. బాపు కుసుమ నూనె తెచ్చాడు. "నూనె నూనేనాయె, ఏదైతేంది" అన్నాడు. దసరాకు నెయ్యాల్సిన నూలంతా అందులోనే ముంచారు. ఏడాది తిండి ఆ నూలు మీదే.

అంతలో దాయాదుల ఇంట్లో పెద్దాయన పోయాడు... మాకు మైల. మైలలో మావాళ్ళు నూలు ముట్టరు, మగ్గం ఎక్కరు, దేవుని గూట్లో దీపం పెట్టరు. కబురు రాగానే, చావింటికి పోకముందే, మా అవ్వ (బాపు వాళ్ళమ్మ) నూలంతా దేవునర్రలో, అంటే పూజగదిలో, కుప్ప వేయించి గొంగడి కప్పించింది.

తర్వాత అమ్మ ఆ అర్ర ఊడుస్తుంటే గొంగడికి చెయ్యి తగిలింది. ఉలిక్కిపడింది.

"అత్తా, చేతికి సుర్రుమంటాంది. జర తీసి ఆరేద్దమా?"

"మైలల నూలు ముడ్తవానే? వెచ్చగుంటె నూనె తాగి నూలు పండుతాందన్నట్టు. నీకేం ఎరుక?"

కోడలు కదా... చీపురు తీసుకుని బయటికొచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం అర్రలోంచి పొగ. బాపు ఉరికొచ్చి గొంగడి లాగాడు. గాలి తగిలిందో లేదో భగ్గుమంది. బిందెలతో నీళ్ళు పోసి ఆర్పేసరికి నల్లటి ముద్ద మిగిలింది.

"నిప్పు లేనిదే పొగ రాదు" అని వాడంతా ఒకటే మాట. దేవునర్ర కాబట్టి అమ్మే దీపం పెట్టిందన్నారు.

"మైలల దీపమెవరు పెడ్తరు? నేను పెట్టలే" అని అమ్మ మొత్తుకుంది.

"మైల మరిచి పెట్టింది. అందుకే దేవునికి కోపమొచ్చింది" అంది అవ్వ. అమ్మ ముందే చెప్పిన మాట మాత్రం మళ్ళీ ఎత్తలేదు.

బాపు కూలి మగ్గం నెయ్యడానికి షోలాపూరు పోయాడు. పోయేటప్పుడు అమ్మ మొహం చూడలేదు... తిరిగి రాలేదు.

అమ్మ ఇక బతికినన్నాళ్ళూ దీపం వెలిగించలేదు. సందెవేళ అగ్గిపెట్టె నా చేతికిచ్చి వాకిట్లోకి పోయేది. చివరికి దవాఖానలో కూడా "బిడ్డా, నేను పెట్టలే" అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

మొన్న కెమిస్ట్రీ చదివే మా మనవరాలికి ఇదంతా చెప్తే ఆ పిల్ల లేచి కూర్చుంది.

"అమ్మమ్మా, కుసుమ నూనె నువ్వుల నూనెకన్నా జోరుగ గాలిల ఉన్న ఆక్సిజన్‌తోని కలుస్తది, అప్పుడు వేడి పుడ్తది. పరిచి పెడ్తే ఆ వేడి గాలికి పోతది. కుప్పేసి గొంగడి కప్పితే యాడికి పోతది? వేడి పెరిగినకొద్దీ చర్య జోరందుకుంటది. జోరు పెరిగినకొద్దీ ఇంకింత వేడి. గట్ల దానంతటదే అంటుకుంటది. దీపం అక్కర్లే."

దీపం అక్కర్లేదట... ఇప్పుడు ఎవరికి చెప్పను? బాపు లేడు, అవ్వ లేదు. వినాల్సిన అమ్మ ఎప్పుడో మట్టిలో కలిసింది. నింద మాత్రం చావలేదు. మొన్న ఒక పెళ్ళిలో కూడా "దీపం పెట్టి నూలు కాల్చినామె బిడ్డవు నువ్వేనా?" అని అడిగారు.

ఈ రోజుల్లో అడగ్గానే ఫోనే కారణం చెప్తోంది. ఆ రోజు ఇంత చిన్న సంగతి చెప్పే మనిషి ఒక్కరుంటే మా ఇల్లు నిలిచేది...

చెయ్యని తప్పు మోసి పోయిన తల్లులు మీ ఇళ్ళల్లోనూ ఉంటే కింద వాళ్ళ పేర్లు రాయండి.

మా అమ్మ పేరు నర్సమ్మ. ఆమె దీపం పెట్టలేదు.