హీటర్ మీట

మా కారు వయసు పద్దెనిమిదేళ్లు. ఏటా ప్రత్తిపాడు చేలోంచి గుంటూరు యార్డుకు మిరపకాయల బస్తాలు మోసేది అదే. ఏసీ చెడిపోయి నాలుగేళ్లయినా నేను పట్టించుకోలేదు. అలాంటి బండిలో కాశీ వెళ్దామన్నాను. నా భార్య వద్దనలేదు గానీ, రైలు టైములు మాత్రం రెండుసార్లు చదివి వినిపించింది.

నాగపూర్ దాటాక అడవిలో ఎత్తు ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత వైపు జరగడం మొదలుపెట్టింది. ఆపితే మళ్లీ స్టార్టవుతుందో లేదోనని ఆపలేదు. రోడ్డు కంటే ఆ ముల్లునే ఎక్కువ చూస్తున్నాను. అరచేతులు స్టీరింగుకి అతుక్కుపోతున్నాయి. నా భార్య మా ఊరి మెకానిక్‌కు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"కంగారు పడబాకండి. హీటరు ఫుల్లుగా పెట్టండి, ఇంజను వేడి లాగేస్తది," అన్నాడు.

గుంటూరు ఎండల్లో బతికేవాళ్లం, ఇన్నేళ్లలో ఆ మీట ముట్టుకున్న పాపాన పోలేదు. తిప్పాను. గొట్టాల్లో పేరుకున్న మిరప ధూళంతా ఒక్కసారిగా మొహాన కొట్టింది. కళ్లు మూసుకుపోతుంటే ఎలాగో బండి పక్కకు తీసి ఆపాను. ఇద్దరం చెరో తలుపూ తోసుకుని బయటపడి, దగ్గుతూ ముక్కులు చీదుతూ రోడ్డు పక్కన కూలబడ్డాం.

మన ఆంధ్రా నంబరు ప్లేటు చూసి దర్శి లారీ ఒకటి ఆగింది. మా కన్నీళ్లు చూసిన డ్రైవరు గొంతు తగ్గించి, "ఎవరు పోయారండి?" అనడిగాడు.

నా భార్య కొంగుతో కళ్లు ఒత్తుకుని కారు వైపు చూపించింది.

"ఇంకా పోలేదు. ఈయన కాశీ తీసుకెళ్తున్నారు."