చెంచా వెళ్లింది, పుల్ల వచ్చింది

ఫోన్‌లో వీడియో చూస్తే చాలు, ఏ మిషనైనా మన చేత్తో చేసేయవచ్చని నమ్మే వయసు ఒకటుంటుంది. ఐటీఐ పూర్తిచేసి ఉదయగిరిలో ఇంటిపట్టున ఉంటున్న ఆ రోజుల్లో నేను నిక్షేపంగా ఆ వయసులోనే ఉన్నాను. మా ఇంట్లో నర్ది చెక్కతో చెంచాలు, ఫోర్కులు చేస్తారు. నాయన చెక్కి ఇస్తే అమ్మ నేలమీద కూర్చుని ఒక్కొక్కదాన్నీ ఉప్పుకాగితంతో నున్నగా రుద్దుతుంది. అలా కూర్చునీ కూర్చునీ ఆమెకు నడుము, మోకాళ్లు పట్టేశాయి. "ఇంక కింద కూసోలేనురా, ఈ ఆర్డరు పోయినాక మానేస్తా" అని ఒక సాయంత్రం అనేసింది. చేతిలో చెంచా లేని అమ్మను నేనెప్పుడూ చూడలేదు. ఆ మాటకు నాకు నిజంగా భయమేసింది.

ఆత్మకూరులో మా మామకు (అమ్మ తమ్ముడు) తలుపులు చేసే షాపుండేది. అందులో చిత్రిక పట్టే పాత ప్లేనర్ మిషను తుప్పుపట్టి మూలన పడి ఉంది. ఒకవైపు పలకను తోస్తే లోపలి బ్లేళ్లు పైపొర చెక్కేసి రెండోవైపు పంపిస్తాయి. ఆ బ్లేళ్ల ఇరుసు తీసేసి, కర్ర డ్రమ్ము బిగించి, దానికి ఉప్పుకాగితం చుడితే అదే రుద్దేస్తుందని వీడియోలో ఎవరో పరాయి దేశపాయన చూపించాడు (ఏ భాషలో చెప్పాడో నాకిప్పటికీ తెలియదు). "ఊరికే పడి ఉండాది, తీసకపోరా అల్లుడూ" అని మామ దాన్ని ఆటోకెత్తించి, తానూ ఎక్కాడు.

ఇంటికి తెచ్చి, మిషనుకు కాళ్లు వెల్డింగ్ చేయించి, డ్రమ్ము బిగించి స్విచ్చేశాం. డ్రమ్ముకు చుట్టిన కాగితం విడిపోయి, ఊడొచ్చి మామ మొహానికి చుట్టుకుంది. "ఏందిరా ఇది, నన్ను రుద్దతా ఉండాది" అన్నాడాయన. కుడికి చుట్టాలని నేను, ఎడమకని ఆయన. ఆ తగువులో ఎవరిది ఏ పక్షమో మేమే మరిచిపోయాం. చివరికెలాగో కుదిరింది. ఒక పలక పెడితే అద్దంలా వచ్చింది. నాయన బీడీ పారేసి దగ్గరికొచ్చాడు. అమ్మ తానే ఒక చెంచా అందించింది.

చెంచా వెళ్లింది. అటువైపునుంచి ఐస్‌క్రీం పుల్ల వచ్చింది.

"గుంత ఏదిరా?" అన్నాడు నాయన. మామ ఎత్తు మార్చమన్నాడు. మారిస్తే డ్రమ్ము చెంచాను తాకనే లేదు. ఈసారి బోర్లించి, మళ్లీ ఎత్తు సరిచేసి పెట్టాం. గుంతకు అడుగు అరిగిపోయి చిల్లు పడింది. మళ్లీ కాగితం మీద అనుమానం వచ్చింది, తర్వాత కరెంటు మీద, ఆపైన చెక్క మీద. డ్రమ్ము రుద్దేది చదునుగా ఉన్నదాన్నేననీ, చెంచా చదునుగా ఉండదనీ, చెంచాలమీద బతికే మాకు ఒక్కరికీ తట్టలేదు. అమ్మ ఆ చిల్లులోంచి మా ముఖాలు ఒక్కొక్కటే చూసి, "దీంతో పులుసు ఏసుకుంటే ఒళ్లోకే" అని చాలా రోజుల తర్వాత నవ్వింది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మర్నాడు లేచేసరికి అమ్మ స్టూలు లాక్కుని మిషను ముందు కూర్చుని ఉంది. పలకలు తోసే బల్లమీద పాత చీర పరిచి, చెంచాలు పోసుకుని, నడుము నిటారుగా పెట్టి చేత్తోనే రుద్దుతోంది.

"ఎత్తు బాగా కుదిరిందిరా" అంది.

"మానేస్తానంటివే?"

"ఎవురు?" అంది.

నేనిప్పుడు ఆత్మకూరులో మోటార్లు బాగుచేసుకుంటున్నాను. అమ్మ ఇంకా ఆ బల్ల దగ్గరే ఉంది. ఎవరైనా అడిగితే "మావోడు చేసిన రుద్దే మిషను" అని గొప్పగా చెబుతుంది. వాళ్లు కరెంటు వైరు కోసం వెతుకుతారు. అప్పుడు నేను ఇంటికి వెళ్లి ఉంటే, వేరే పనున్నట్టు అవతలికి పోతాను. పోతూ నాలోని ఆనాటి కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. పాపం, వాడికి ఆ రోజు ఏమీ అర్థం కాలేదుగానీ, మిషను కాళ్లు మాత్రం సరిగ్గా అమ్మ ఎత్తుకే పెట్టించాడు.