కంప్యూటర్ కింద నిమ్మకాయలు

దసరా వెళ్ళిన వారానికి, కంప్యూటర్ డబ్బాలోంచి టిక్కు టిక్కుమని చప్పుడు వినబడింది. అది పాడవబోతున్న హార్డ్ డిస్క్ చప్పుడు. మహబూబాబాద్‌లో ఇంట్లోనే కూర్చుని పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసుకుని బతికేదాన్ని, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది?

సరిగ్గా అప్పుడే మా మామ వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నాను. భూపాలపల్లిలో ఉండే ఆడబిడ్డ ఎన్నాళ్ళుగానో అడుగుతోంది. మామ కేసముద్రం మార్కెట్ నుంచి లారీ నడిపేవాడు. రెండేళ్ళ కింద పోయాడు. ఆయన కదిలే, మాట్లాడే వీడియో మాకు అదొక్కటే మిగిలింది. తీసిన ఫోను ఎప్పుడో పాడైంది. డిస్కు పోతే ఆయన గొంతు కూడా పోయినట్టే.

వంగి చూశాను. డబ్బా ముందరి కాళ్ళ కింద చెరో నిమ్మకాయ! ఒకటి కుళ్ళి చితికిపోయింది, రెండోది ఇంకా గట్టిగానే ఉంది. డబ్బా తాగినోడిలా పక్కకు ఒరిగి ఉంది.

"అత్తా! గివి ఎవరు వెట్టిండ్రు?"

మా అత్త వంటింట్లోంచి వచ్చింది. మొహంలో బెదురేమీ లేదు.

"నేనే వెట్టిన. బండికి వెట్టిన, గ్రైండర్‌కు వెట్టిన. మనకు అన్నం వెట్టేదానికి వెట్టొద్దా? మీ మామ ఉంటే ఊకునేటోడా?"

ఆమెకో దండం. బండి అయితే నిమ్మకాయల్ని తొక్కుకుంటూ ముందుకు పోతుంది. కంప్యూటర్ ఎక్కడికి పోతుంది? వారం నుంచీ వాటి మీదే కూర్చుంది. నేనేమో తెర మీది పెళ్ళికూతుళ్ళను చూసుకుంటూ కింద ఏముందో చూడనే లేదు.

హార్డ్ డిస్క్‌ను పడుకోబెట్టి బిగించినా, అంచు మీద నిలబెట్టి బిగించినా దానికి ఇబ్బంది లేదు. బిగింపు మాత్రం గట్టిగా ఉండాలి, తిరిగేటప్పుడు కుదుపు తగలకూడదు. లోపల పళ్ళెం గిర్రున తిరుగుతుంటే, వెంట్రుక కూడా దూరనంత ఎడంలో సూది లాంటిది ఆడుతుంటుంది. ఒక్క అదురుకు అది పళ్ళేన్ని గీకిందా, అక్కడున్నది అంతే సంగతులు. మాదేమో పాత డబ్బా. రెండువైపులా ఉండాల్సిన స్క్రూలు ఒకవైపే ఉన్నాయి. ఒరిగిన డబ్బాలో డిస్కు వేలాడుతున్నట్టే లెక్క.

ఆపేద్దామంటే, ఇట్లా చప్పుడు చేసే డిస్కు మళ్ళీ లేస్తుందన్న నమ్మకం లేదు. నిమ్మకాయ లాగితే డబ్బా దబ్బున కూలబడుతుంది. లాగకపోయినా అది ఎప్పుడు చితుకుతుందో తెలియదు.

"అత్తా, జర గీడ పట్టుకో. అస్సలు కదలనియ్యకు. మామ వీడియో అండ్లనే ఉన్నది."

ఆ మాట వినగానే ఆమె నేల మీద కూలబడి, డబ్బాను రెండు చేతులా పొదివి పట్టుకుంది.

"పోతదా బిడ్డా?"

"మాట్లాడకు అత్తా!" భయంతోనే కసిరాను.

వీధిలో ట్రాక్టర్ పోతే ఇద్దరం ఊపిరి బిగబట్టాం. తెర మీద పచ్చగీత మెల్లగా పాకుతోంది. ఒకచోట ఆగిపోయింది. డిస్కు మళ్ళీ టిక్కుమంది.

"నా చెయ్యే వణుకుతాంది, ఏం జెయ్యాలె?" అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపటికి గీత కదిలింది.

నిండింది. కంప్యూటర్ ఆపేసి, పెన్‌డ్రైవ్‌ను టీవీకి పెట్టాను. ఎక్కిందో లేదో చూస్తేగానీ నమ్మలేను. ఆ కంగారులో అత్తను ఇక వదలమని చెప్పడమే మరిచాను.

బొమ్మ వచ్చింది. వెనకటి ఒక దసరా. లారీకి బంతిపూల దండలు. ముందు టైరు కింద మా అత్త వంగి నిమ్మకాయ సర్దుతోంది. ఇంజను మోగుతోంది. మామ క్యాబిన్ కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు.

"ఇగ సాలు, చెయ్యి తియ్యి! నేను చూస్కుంట."

డబ్బా దగ్గర కూర్చున్న అత్త చటుక్కున రెండు చేతులూ తీసేసింది.