వార్నీషు పూసిన రెక్క

నరసరావుపేటలో మోటార్లకు వైండింగు చేసే మౌలాలీ ముప్పై ఏళ్ళుగా బోరుబావుల్లోకి తొంగిచూసి బతికిన మనిషి. కాలిపోయిన మోటారును పైకి తీయించడం, మాడిన తీగచుట్టలు విప్పడం, కొత్త తీగ చుట్టి, దానిమీద వార్నీషు పట్టించి ఆరబెట్టడం అతని వృత్తి. వార్నీషు పడని చుట్ట అతని దుకాణం గడప దాటిన దాఖలా లేదు. అంతకాలం నేలలోకి చూసినవాడి మనసు ఆకాశం వైపు పోవడంలో వింత లేదేమో; నలభయ్యో ఏట అతను రేడియోతో నడిపే గ్లైడర్లు కట్టడం మొదలుపెట్టాడు. ఇంజను లేని ఆ చిన్న విమానానికి థర్మోకోలు రెక్కలు, వెదురుబద్ద వెన్ను, పైన పల్చని టేపు. రబ్బరుతాడుతో గుంజి వదిలితే పైకి లేస్తుంది. ఆపైన గాలి దయ.

ఎండకు వేడెక్కిన నల్లరేగడి మీదినుంచి పైకి లేచే గాలిని అతని గ్లైడర్ల క్లబ్బువారు ‘లిఫ్టు’ అంటారు. చక్కగా ‘పైగాలి’ అనవచ్చు గాని, ఆ మాట చెవిన పడితే దయ్యం సోకిందని వేపమండలు పట్టుకొచ్చే ఇళ్ళు మొన్నమొన్నటిదాకా ఉండేవి. ఆ గాలి ఎక్కడున్నదో గద్దలు చెబుతాయి. రెక్క ఆడించకుండా గద్ద గుండ్రంగా తిరుగుతున్న చోటికి గ్లైడరును తోలడమే ఈ విద్యలో సగం.

ఒక ఫిబ్రవరి ఆదివారం దాచేపల్లి దగ్గర, సాంబశివరావు అనే రైతు పత్తి పీకేసిన చేలో పోటీ. ఆరు నిమిషాలు గాలిలో నిలిపి, గీసిన వలయంలో దింపాలి. ఉదయం అతను బయలుదేరుతుండగా భార్య మాబున్నీసా రెక్క దగ్గర ముక్కు పెట్టింది.

“ఏందయ్యా ఇది, కాయిల్ వాసన వస్తంది?”

“ఏం లేదు. మొన్న అతుక్కి ఒక చెయ్యి పూశా.”

“వార్నీషా? దీన్ని గూడా బాయిలో దించుతావా ఏంది!” అంటూ ఆమె నవ్వింది.

అతను నవ్వలేదు. రెక్కలు రెండూ కలిసే చోట టేపు వేసేముందు, అలవాటు చొప్పున చేయి తనంత తానే కుంచె అందుకున్నది. వార్నీషులో కలిపే థిన్నరు థర్మోకోలును నీళ్ళు చక్కెరను తిన్నట్టు తినేస్తుంది. అది తెలియనివాడా? ఈసరికి ఆరిపోయి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

చేలో తన వంతుకు ముందు అతుకు పక్కన బొటనవేలితో నొక్కి చూశాడు. టేపు కింద మెత్తగా దిగింది. ఎండవల్ల కాబోలుననుకున్నాడు. క్లబ్బు కార్యదర్శి కిరణ్ కుమార్ పేరు పిలిచాడు. తప్పుకొంటే కారణం అడుగుతారు. అతను తప్పుకోలేదు.

రబ్బరుతాడు సాగి వదలగానే గ్లైడరు నిటారుగా లేచింది. తాడు ఊడే క్షణాన ‘టిక్’మన్న చప్పుడు అతనొక్కడికే వినిపించింది. ఆపైన చూస్తే, ఎడమరెక్క కుడిరెక్క కంటె ఎక్కువగా పైకి వంగి ఉన్నది.

“దొరికింది భాయ్! గద్ద కిందికే పోయింది!” కిరణ్ కుమార్ గెంతినంత పని చేశాడు.

నిజమే. ఏ గాలికోసం పన్నెండేళ్ళు ఆదివారాలు ఖర్చుపెట్టాడో, ఆ గాలి ఈనాడు అడగకుండానే వచ్చి గ్లైడరును ఎత్తుకున్నది. ఎత్తుకొని, మెల్లగా తూర్పుకు జరుపుతున్నది. తూర్పున మిరప కల్లం. ఎర్రగా పరచిన కాయల మధ్య పదిహేనుమంది ఆడవాళ్ళు తాలుకాయలు ఏరుతున్నారు.

కిందికి దూకిస్తే రెక్క విరుగుతుంది. గట్టిగా తిప్పినా విరుగుతుంది. ఊరకుంటే గాలి ఇంకా పైకి మోస్తుంది. కిలోంబావు బరువు, ముందు ముక్కులో సీసపు ముద్ద. చేయగలిగిందల్లా రిమోటు మీది పుల్లను గింజంత కదిలిస్తూ వెడల్పుగా తిప్పడమే. చదువుకునే రోజుల్లో ఎక్కాలు మరిచినవాడు అయ్యవారి బెత్తం తనదాకా రాకముందే వణికేవాడు. ఆ వణుకులో కనీసం దెబ్బ తనకేనన్న నిశ్చింత ఉండేది. ఇక్కడ దెబ్బ తినబోయేవారు తలవంచుకొని సెల్లులో పాటలు వింటున్నారు.

“కిరణూ, కల్లంలో వాళ్ళను లేపు. పరుగెత్తు.”

“ఎందుకు భాయ్? నాలుగు నిమిషాలయింది, చానా బాగుంది గదా!”

మౌలాలీ గ్లైడరును ఇంకొక చుట్టు తిప్పాడు. “రెక్క లోపల తినేసింది. నేనే వార్నీషు పూశా.”

“థర్మోకోలుకి వార్నీషా! నువ్వా?” అంటూనే అతను పరుగెత్తాడు.

కల్లంలో తెల్లచీర కట్టిన సైదమ్మ అనే పెద్దావిడ పీట మీదినుంచి కదలలేదు. “ఆ బొమ్మ పడితే మా నెత్తి పగులుద్దా? కాయలు తొక్కితే ఆసామి ఊరుకుంటడా?”

“అత్తా, నీకు దణ్ణం పెడతా, లెగు!”

“ఒరేయ్, నడుం పట్టిందిరా, చెయ్యియ్యి.”

మౌలాలీకి మాటలు వినబడవు. పైన రెక్క, కింద చీరల రంగులు. కన్ను ఒకదానినుంచి రెండోదానికి మారుతూనే ఉన్నది. ఎరుపు మీద నీలం కదిలింది. పచ్చ కదిలింది. తెల్లచీర ఒక్కటి మిగిలింది. అది లేచింది, వంగింది, మళ్ళీ కూర్చున్నది. పీట కింది సెల్లుఫోను కోసమని తరువాత తెలిసింది. చివరికి కిరణ్ కుమార్ చేయి పట్టుకొని గట్టు దాటింది.

అప్పుడు రెక్క ముడుచుకున్నది. చప్పుడు ఆలస్యంగా వినిపించింది. మిగిలిన వెదురుబద్ద ఈలవేస్తూ దిగి, పీటను రెండుగా చీల్చి, కాయల్లో దిగబడింది. మిరప ఘాటుకు ఆ చుట్టుపక్కల అందరూ తుమ్మారు.

మౌలాలీ వెళ్ళేసరికి సైదమ్మ పీట ముక్క చేతిలో పట్టుకొని నిలబడి ఉన్నది. తిట్టలేదు. “ఇది నేను కూసున్న పీటే గదా సాయిబూ,” అన్నది, తెలియక అడిగినట్టు.

అతను వంగి రెండో ముక్కను కాయల్లోంచి తీశాడు.

ఇంటికి వచ్చిన భర్త చేతుల్లో రిమోటు తప్ప ఏమీ లేకపోవడం మాబున్నీసా చూసింది. మంచినీళ్ళు ఇచ్చింది.

“ఎంతసేపు నిలబడిందయ్యా?”

“వాళ్ళు లెగిసిందాకా,” అన్నాడు మౌలాలీ.