పెండ్లి పాటలో పైస్వరం

మొన్న జనగామలో పళ్ల డాక్టరు నా ముందుపన్ను కదిపి చూసి, తీసేయక తప్పదని చెప్పినప్పుడు, జొన్నరొట్టె ఎలా నమలాలన్న దిగులు కన్నా ముందు, ఇక ట్రంపెట్ ఊదలేను కదా అన్న బెంగ కలిగింది. ఊదడం మానేసి ఎన్నేళ్లయిందో! మనసుకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు కాబోలు.

ప్రత్యేక రాష్ట్రం కోసం తొలిసారి మన ఊళ్లన్నీ అట్టుడికిన రోజుల్లో, నేను మా మేనమామ బ్యాండు మేళంలో కొత్తగా చేరాను. నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, బళ్లు మూతపడి, బస్సులు నిలిచిపోయి, పెళ్లిళ్లు కూడా చడీచప్పుడు లేకుండా జరిగిపోయేవి. పని లేని ఆ పగళ్లలో మామ నాకు ట్రంపెట్ నేర్పాడు. కింది స్వరాలు తొందరగానే పట్టుబడ్డాయి గానీ, తలంబ్రాల వేళ వాయించే పాట చివర ఒక పైస్వరం ఉండేది, అది మాత్రం నాకు చిక్కలేదు. పందిట్లో అందరూ తలెత్తి చూసేలా ఒక్కసారైనా దాన్ని ఊదాలని ఎంత ఆశో! ట్రంపెట్ మూతిని పెదవులకేసి అదిమి అదిమి ఊదితే పెదవి వాచేది, పళ్లు జివ్వుమనేవి, వచ్చేది మాత్రం కీచుమన్న గాలి. "పెదవిని నలిపితే రాదురా అల్లుడా, కడుపుల నుంచి గాలి తియ్యి, మూతి మూలలు బిగబట్టు, నడుమ జర ఇడిచిపెట్టు" అని మామ విసుక్కునేవాడు. అది పలికేదాకా పెళ్లిళ్లలో ఆ స్వరం తనదేనని తేల్చి చెప్పాడు.

అంతలో నర్మెట్ట వైపు ఒక పల్లె నుంచి కబురు వచ్చింది. ఉద్యమ జులూసులో పోలీసు తూటా తగిలి కాలేజీ పిల్లవాడొకడు పోయాడు. పెళ్లి కాకుండా పోయినవాళ్లకు జిల్లేడు కొమ్మతో పెళ్లి జరిపించి సాగనంపడం ఆ ఇంటి ఆచారం. పాడె పక్కన కొమ్మకు పసుపు రాసి, పిల్లవాడి నొసట బాసింగం కట్టాక, వాళ్ల అమ్మ గుప్పిట్లో తలంబ్రాలతో మామ ముందుకు వచ్చి నిలబడింది.

"నా కొడుకు పెండ్లికి ఎట్ల ఊదుతరో గట్లనే ఊదుండ్రి అన్నా, సగంల ఆపకుండ్రి."

ఎన్ని చావులకు వాయించినా కన్ను తడవని మనిషి మా మామ. ఆరోజు పాట సగానికి రాగానే ఆయన పెదవులు వణికాయి. వణికే పెదవికి ట్రంపెట్ పలకదు. ఆయన నా వైపు చూశాడు, నేను పాట అందుకున్నాను. పైస్వరం దగ్గరపడుతుంటే నేర్చుకున్నదేదీ గుర్తు రాలేదు, సగంలో ఆపకూడదన్న ఆ తల్లి మాట ఒక్కటే చెవుల్లో ఉంది. అదమడం మరిచిపోయాను. స్వరం వచ్చింది, వచ్చి నిలబడింది. ఆమె గుప్పిట విప్పి తలంబ్రాలు కొడుకు మీద పోసింది.

తిరిగి వచ్చేటప్పుడు మామ నా భుజం మీద వేసిన చెయ్యి తీయలేదు. అంతగా కోరుకున్నది అలా దొరికినందుకు నేను దారి పొడుగునా ఏడ్చాను.

ఇప్పుడు రాష్ట్రం వచ్చింది, జనగామ జిల్లా అయింది, పెళ్లిళ్లలో డీజే పెట్టెలు గుండెలదిరేలా మోగుతున్నాయి, మేళాన్ని పిలిచేవాళ్లు లేరు. రాష్ట్రం వచ్చిందన్న రోజున చౌరస్తాలో కుర్రాళ్లు రంగులు చల్లుకుంటూ నన్నూ ఊదమన్నారు. ఆ పెండ్లి పాటే ఎత్తుకుని, పైస్వరం దాకా ఊదాను. ఇప్పుడు పెండ్లి పాటేంది తాతా అని వాళ్లు నవ్వారు. మామ పోయాక, అదే ఎందుకు ఊదానో తెలిసిన ఒక్క మనిషి ఆ పిల్లవాడి అమ్మ, ఆమె కూడా అప్పటికే లేదు.