ఇల్లు పురుగులది, వసారా మాది

మా చిన్నప్పుడు... మా ఇంట్లోంచి మమ్మల్నే బయటికి పంపేసేవాళ్ళు. లోపల పట్టుపురుగులు ఉండేవి మరి! గది వాటికి, వసారా మాకు. పొయ్యి కూడా వసారాలోకే వచ్చేసేది. పోపు ఘాటు తగిలినా, ఊదుబత్తి వాసన తగిలినా పురుగు ఆకు ముట్టదని అమ్మ భయం. అవి గూళ్ళు అల్లేదాకా మా ఇంట్లో దేవుడికి కూడా పొగ లేదు...

బైరెడ్డిపల్లె పక్కన మెట్ట ఊరు మాది. వానొస్తే చెనిక్కాయ (వేరుశనగ), సరిగా రాకపోతే రాగి, అదీ పోతే ఒకరి మొగం ఒకరు చూసుకోవడం. బోరు కింద ఉన్న కాస్త నేలలో అమ్మ పట్టుబట్టి మల్బరీ పెట్టించింది. చెనిక్కాయ నాన్నది, మల్బరీ అమ్మది. గూళ్ళు అమ్మడానికి కుప్పం పోయే రోజు అమ్మ పెళ్ళికి పోతున్నట్టు మంచి చీర కట్టుకుని, బస్సులో మూటల మధ్య కూర్చునేది. ఏడాదిలో ఆమె ఊరు దాటేది ఆ రోజుల్లోనే.

తొంభైల చివర్లో మదనపల్లె వైపు నుంచి టమాటా మా ఊరికీ వచ్చింది. మా చిన్నాన్న, అంటే నాన్న తమ్ముడు, మా మల్బరీ తోటకు గెనిమ అవతలే, అంటే గట్టు దాటగానే, టమాటా పెట్టాడు. అది చూసి నాన్నకూ ఆశ పుట్టింది. మల్బరీ పీకేద్దాం అని ఒకటే పోరు.

అమ్మ ఒకటే మాట చెప్పింది. "ఈ ఒక్క పంటా సూడు. గూళ్ళు బాగొస్తే తోట ఉంటాది. రాకుంటే నేనే పీకిస్తా."

అమ్మ అందంటే అన్నట్టే. తోట ఉండేదీ పోయేదీ ఇంక ఆ పురుగుల మీదే ఉంది.

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఒక పద్ధతి ఉండేది. టమాటాకు మందు కొట్టేవాళ్ళు ముందుగా పక్క పొలం వాళ్ళకు చెప్పాలి. గాలికి మందు వచ్చి మల్బరీ మీద పడితే ఆ ఆకే పురుగులకు విషం. ముందే తెలిస్తే ఆకు కోసి దాచుకుంటారు కదా. ఎవరూ పెట్టిన రూలు కాదు... అందరూ చెప్పేవాళ్ళు, అంతే.

పట్టుపురుగులు పెరిగే లోపల నాలుగుసార్లు మేత మానేసి, కదలకుండా పడుకుని పొర వదులుతాయి. దాన్ని మా వైపు జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఇంక ఆకలే ఆకలి! ఎంత ఆకు వేసినా ఈనెలే మిగిలేవి. అమ్మకు నిద్ర లేదు, మాకు వేళకు అన్నం లేదు. ఇంకో వారం ఆగితే గూళ్ళు.

ఆ పొద్దున అమ్మ గంపెడు ఆకు కోసుకొచ్చి తట్టలకు వేసింది. మేం బడికి బయల్దేరుతుంటే లోపల్నుంచి "రాండి" అని పిలిచింది. గట్టిగా కూడా కాదు. వెళ్ళి చూస్తే పురుగులు తలలు పైకెత్తి అటూ ఇటూ ఊపుతున్నాయి. నోట్లోంచి పచ్చటి నీళ్ళు కారుతున్నాయి.

విషయం తెలిసి చిన్నాన్న పరిగెత్తుకొచ్చి గడప దగ్గరే నిలబడిపోయాడు.

"వదినా, ఆ ఆకు కోసేస్తివా? సాయంత్రం మందు కొడతానని అన్నకు నిన్న పొద్దున్నే చెప్తినే!"

అమ్మ నాన్న వైపు చూసింది.

"చెప్పినాడు" అన్నాడు నాన్న. "పుంగనూరు బస్సు వస్తా ఉన్నింది, ఎక్కేస్తిని. వచ్చినాక మర్సిపోతిని."

అమ్మ తిట్టలేదు. అరిస్తే బాగుండు, ఏదైనా విసిరికొడితే బాగుండు అనుకున్నాను నేను. మధ్యాహ్నం నాన్న గుంత తవ్వాడు. అమ్మ ఒక్కో తట్టా మోసుకొచ్చి కుమ్మరించి, పైన సున్నం చల్లి, తట్టలు కడిగి ఎండకు పెట్టింది. సాయంత్రానికి పొయ్యి లోపలికి వచ్చింది. చారుకు పోపు పడింది. అందరం గదిలో కూర్చుని తిన్నాం, ఎవరికీ రుచి తెలియలేదు.

ఎవరికీ ఏడుపు కూడా రాలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ రోజు తలుచుకుంటే నాకు బాధ సరిగా రాదు... చెయ్యి తిమ్మిరెక్కినట్టు ఉంటుంది అంతే.

మర్నాడు అమ్మే "పీకేయండి" అంది.

"ఇంకో పంట సూద్దాంలే" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా.

"మాట మాటే."

ట్రాక్టరు పెట్టి పీకించారు. ఆ రోజు అమ్మ తోట వైపు రాలేదు.

తర్వాత మేమూ టమాటా రైతులమే అయ్యాం. రెండువేల సంవత్సరం దాటేసరికి మా ఊళ్ళో మల్బరీ మొక్క కనపడలేదు. అయినా మందు కొట్టే ముందురోజు అమ్మ గెనిమ మీద నిలబడి కేకేసేది, "రేపు మందు కొడతాండామప్పా..." అని. అవతలా టమాటానే, దాని అవతలా టమాటానే.

ఒకసారి నేను నవ్వాను. "మల్బరీ యాడుండాదమ్మా? ఎవురికి చెప్తాండావు?"

"ఎవురింట్లో ఏం సాకుతాండారో మనకేం తెలుసు" అంది, నా వైపు చూడకుండానే.

ఇప్పుడు అమ్మకు అంత గొంతు లేదు. మా వైపు చేలల్లో ఫోన్లు మోగుతున్నాయి గానీ, పక్కవాళ్ళకు కేకేసి చెప్పేవాళ్ళు లేరు. మీ ఊళ్ళో ఇంకా ఎవరైనా చెప్తుంటే ఇక్కడ రెండు ముక్కలు రాయండి... అమ్మకు చదివి వినిపిస్తాను.